చదివేవాళ్లు తరిగిపోయాక వచ్చిన అక్షరాలు

చివరికి ఏమైందో ముందే చెప్పుకుందాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో బయటపడిన గోండి లిపికి ఇవాళ కంప్యూటర్‌లో చోటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఫాంటూ ఉంది. కరువైనది ఆ అక్షరాలను బిడ్డల చేత దిద్దించే ఇల్లు. వెతికితే ఎక్కడో ఒకటి దొరకొచ్చు.

2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం ఆ రాతప్రతుల దాకా వెళ్లేసరికే ఆలస్యమైంది. అవి సుమారు 1750 నాటివని అంచనా. చంద్రాపూర్ గోండు రాజుల ముచ్చట వాటిలో ఉంది, బర్మా దాకా సాగిన వర్తకం ఉంది. అడవిబిడ్డలకు చరిత్ర లేదని ఊరూవాడా అనుకుంటున్న కాలమంతా, ఆ చరిత్ర వాళ్ల సొంత అక్షరాల్లో, వాళ్ల ఇళ్లలోనే ఉంది. చదవగలిగినవాళ్లు మాత్రం కొద్దిమంది పెద్దలు. ఒక్కొక్క ముసలి కన్ను మూతపడినప్పుడల్లా ఎన్ని పుటలు చీకటైపోయాయో తలచుకుంటే గుండె పిండినట్టవుతుంది.

ఆ అక్షరాలను నిలబెట్టగలిగిన ఒక మలుపు 1940లలోనే వచ్చింది. గోండు వీరుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల గోడు తెలుసుకొమ్మని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆ కొండలకు పంపింది. ఆయన మనసున్న మనిషి. మార్లవాయి అనే ఊళ్లో గోండు గురువులకు శిక్షణ మొదలుపెట్టించాడు, గోండిలో వాచకాలు రాయించాడు. కానీ ఆ వాచకాలు దేవనాగరిలో వచ్చాయి. ఆ రోజున పలక మీద గుంజాల అక్షరం పడి ఉంటే! ఆ పిల్లలే ఇవాళ తాతలై, మనవళ్లకు చదివి వినిపించేవాళ్లు. అటు తర్వాత బడి తెలుగైంది. గోండి నోటిమాటగా మిగిలింది.

ఇక రెండో మలుపు. 2015లో లిపి పరిశోధకుడు అన్షుమన్ పాండే గుంజాల లిపిని, కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో చేర్చమని ప్రతిపాదించాడు. 2018 జూన్‌లో చేరింది. గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు ఏటా కట్టే సభ్యత్వ రుసుములు యూనికోడ్ సంస్థకు ఊతం. తర్వాత గూగుల్ పోషణలోని నోటో ఫాంట్లలో గుంజాల గోండికీ ఒకటి వచ్చింది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఆ దాతృత్వానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ నాకు తెలిసినంతలో ఆ డబ్బు అక్షరం ఆకారం దగ్గరే ఆగిపోయింది. దాన్ని నేర్పే పంతులు దాకా, అచ్చు కావలసిన వాచకం దాకా దిగి రాలేదు. ఛత్తీస్‌గఢ్ వైపు మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సీజీనెట్ స్వర అనే వార్తావేదికతో కలిసి గోండి కోసం పని చేసినప్పుడూ, ఆ రాత దేవనాగరిలోనే సాగింది. మార్లవాయిలో జరిగిందే మళ్లీ జరిగింది, ఈసారీ మంచి మనసుతోనే.

2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అంటే భాష బతికే ఉంది, దూరమైంది లిపే. అందుకే ఈ దుఃఖం ఇంకా పచ్చిగా ఉంది.

యూనికోడ్‌కూ ఆ ఫాంటుకూ ఊతమిచ్చిన సంస్థలకు హైదరాబాద్‌లోనే పెద్ద పెద్ద కార్యాలయాలున్నాయి. అక్కడ పనిచేసే తెలుగు బిడ్డలకు నాది ఒక్కటే వేడుకోలు. మీ సంస్థ సామాజిక బాధ్యత నిధుల గురించి మాట్లాడే రోజున గుంజాల పేరు ఎత్తండి. ఆ లిపి తెలిసిన పెద్దలు ఉండగానే, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునే నలుగురు గోండు యువకులకు నెలనెలా జీతం ఇప్పించండి.