నాగటిచాలులో చక్రవర్తులు



రాజుల ముఖములను చలువరాతిలో నిలుపు విద్యను రోమీయులు గ్రీకు శిల్పులయొద్ద నేర్చిరి. వారి చక్రవర్తులు ఆ ముఖములనే బంగారు నాణెములపై ముద్రింపించిరి. అవి మన నెల్లూరి నేలకును వచ్చినవి. 1787 నాటి మద్రాసు లేఖ యొకటి ఈ సంగతి తెల్పుచున్నది.

నెల్లూరు చేరువను గుట్టప్రక్క దున్నుచున్న రైతు నాగలికి ఇటుకకట్టడ మడ్డుపడెను. త్రవ్వగా చిన్న గుడి శిథిలములును, వాని క్రింద ఒక కుండలో రోమా నాణెములును కనబడెను. వానిపై ట్రాజను (98–117), హాడ్రియను (117–138) చక్రవర్తుల ముఖములును, రాణి ఫాస్టీనా ముఖమును ఉండెను. రైతు వానిని పాతబంగారముగా అమ్మెను. పెక్కు కరగిపోయెను, ముప్పదికి పైగా మాత్రము దక్కెను.

రైతును నిందింపకుడు, ఆ ముఖ మెవరిదో అతనికి చెప్పినవారెవరు? రాయియైనను బంగారమైనను రాజును నిలుపజాలదు. గుర్తెరిగిన మనుష్యుడే నిలుపును. మీ చాలులో పాతనాణెము దొరికినచో కొలిమికి పంపకుడు, కలెక్టరుగారికి తెలుపుడు.