ఎఱ్ఱగుంట్ల పేరయ్య మతపరివర్తనము

ఒంగోలు ప్రాంతపు మాదిగల క్రైస్తవస్వీకారమునకు కరవే కారణమని పలువురు చెప్పుదురు. 1876-78 నాటి క్షామము ముగియుచుండగా, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందుట వారి వాదమునకు ఆధారము. కాని తాళ్లకొండపాడు వాసియగు ఎఱ్ఱగుంట్ల పేరయ్య 1866లోనే, అనగా ఆ క్షామమునకు పదేండ్ల ముందే, క్రైస్తవుడయ్యెను. అతడు అంతకు మున్నే విగ్రహారాధనమును విడిచి రాజయోగము నభ్యసించినవాడు. అతనిని నాస్తికుడనుట తగదు. అతడు కాదన్నది ప్రతిమలనే గాని పరమాత్మను గాదు. క్షామకాలమున క్లౌ దొర బకింగుహాం కాలువ పనిలో కూలి కల్పించెను. బాప్తిస్మములను మాత్రము నిలిపివేసెను. కావున అన్నము సంఖ్యను పెంచియుండవచ్చును గాని, అన్వేషణము అంతకు ముందే ఆరంభమైనదని చెప్పక తప్పదు.