జల వనరుల డిజిటల్ పర్యవేక్షణ (కరీంనగర్, ఆదిలాబాద్)

నదులు, జలాశయాలు, భూగర్భజలాల స్థితిని సెన్సార్లు, టెలిమెట్రీ, ఉపగ్రహ చిత్రాలతో నమోదుచేసి, నీటి విడుదల, పంపకాలను నిర్ణయించే పద్ధతి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని ప్రధాన జలాశయాల్లో దిగువ మానేరు, శ్రీపాద ఎల్లంపల్లి, కడెం ఉన్నాయి.

పనితీరు: భూగర్భజల మట్టాన్ని గమనించే పరిశీలక బావిలోకి దించిన సెన్సార్ తనపై ఉన్న నీటి ఒత్తిడిని కొలుస్తుంది. ఆ కొలత నీటిమట్టంగా మారి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా కార్యాలయానికి చేరుతుంది. 2016లో మొదలైన జాతీయ హైడ్రాలజీ పథకం ఇలాంటి పరికరాల ఏర్పాటుకు తోడ్పడింది.

ప్రాముఖ్యం: 18 గేట్లున్న కడెం ప్రాజెక్టుకు 2022 జూలైలో దాని విడుదల సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది. కడెం వాగు కొండల నుంచి వేగంగా దిగుతుంది కాబట్టి వరదకు స్పందించే వ్యవధి తక్కువ. ఎగువన కురిసిన వాన లెక్క వెంటనే అందితే గేట్లు ముందే ఎత్తవచ్చు, దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించవచ్చు. వేసవిలో అవే లెక్కలు తాగునీటికి, ఆయకట్టుకు నిల్వలను పొదుపుగా పంచడానికి ఆధారమవుతాయి.