పరాయి గడ్డపై రోగి సేవ: బ్రైటన్ భారతీయ సైనిక ఆసుపత్రులు, 1914–1916

రోగికి ఔషధం ఎంత అవసరమో, అతని విశ్వాసానికీ ఆచారానికీ భంగం కలగకుండా ఆ ఔషధం అందడం కూడా అంతే అవసరమని నేటి నర్సింగ్ శాస్త్రం పాఠంగా బోధిస్తున్నది. అమెరికాకు చెందిన మడలీన్ లైనింగర్ అనే నర్సు 1950లలో ఈ ఆలోచనకు శాస్త్రరూపం ఇవ్వనారంభించి, 1970లో నర్సింగ్‌నూ మానవశాస్త్రాన్నీ జోడిస్తూ ఒక గ్రంథం ప్రకటించింది. అంతకు అర్ధశతాబ్దికి పైగా ముందే, ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రైటన్ అనే పట్టణంలో ఇటువంటి ప్రయత్నం ఒకటి పెద్ద ఎత్తున జరిగింది. అందులో రోగులు మన దేశపు సైనికులు. వారిలో ముస్లిములు గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. ఆ ప్రయత్నం ఎక్కడ ఫలించిందో, ఎక్కడ ఆగిపోయిందో పరిశీలించడం ప్రయోజనకరం.

మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన కొద్ది వారాలకే, 1914 సెప్టెంబరు 26న, భారత సైన్యపు తొలి దళాలు ఫ్రాన్సులోని మార్సెయి రేవులో దిగాయి. లాహోర్ డివిజను, మీరట్ డివిజను అనే ఈ పదాతి దళాలను నేరుగా బెల్జియం, ఫ్రాన్సు సరిహద్దులోని బురద కందకాలకు నడిపించారు. సైనికులలో అత్యధికులు పంజాబు, వాయవ్య సరిహద్దు రాష్ట్రం, గఢ్వాల్, నేపాల్ ప్రాంతాలవారు. చలికి తగిన దుస్తులు కూడా పూర్తిగా అందకముందే వేలాది మంది గాయపడ్డారు. వారిని సముద్రం దాటించి ఇంగ్లండుకు చేర్చవలసి వచ్చింది.

అదే నవంబరులో ఉస్మానియా ఖిలాఫత్ జర్మనీ పక్షాన యుద్ధంలో చేరింది. ఇస్తాంబూల్ నుండి షేఖుల్ ఇస్లామ్ జిహాద్ ఫత్వా వెలువడింది. ఆంగ్లేయుల పక్షాన పోరాడుతున్న ముస్లిం సైనికుల మనసు ఎటు మొగ్గుతుందోనన్న దిగులు లండన్ యుద్ధ కార్యాలయాన్ని పట్టుకుంది. 1857 తిరుగుబాటుకు తూటాలకు పూసిన కొవ్వు ఒక తక్షణ కారణమైన సంగతిని కూడా ఆ అధికారులు మరువలేదు. గాయపడిన భారతీయుల బాగోగులు చూడడానికి యుద్ధమంత్రి కిచ్చెనర్ సర్ వాల్టర్ లారెన్సును ప్రత్యేక అధికారిగా నియమించాడు. లారెన్సు భారతదేశంలో సివిల్ సర్వీసులో పనిచేసినవాడు. వైస్రాయి కర్జన్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నవాడు. అంటే బ్రైటన్ ఏర్పాట్ల వెనుక రోగిపట్ల దయతో పాటు రాజ్యం గురించిన లెక్క కూడా మొదటి నుండీ ఉంది.

బ్రైటన్‌లో మూడు ఆసుపత్రులు నెలకొల్పారు. ఒకటి యార్క్ ప్లేస్ పాఠశాల భవనం. రెండవది పేదల వసతిగృహంగా ఉండి, కిచ్చెనర్ పేరు పెట్టుకున్న పెద్ద కట్టడం. మూడవది, అందరి దృష్టినీ ఆకర్షించినది, రాయల్ పెవిలియన్. నాలుగవ జార్జి తన విలాసం కోసం గుమ్మటాలతో, మినార్లతో హిందూస్తానీ బాణీలో కట్టించుకున్న ఆ భవనంలోనూ, దాని పక్కనున్న డోమ్‌లోనూ కలిపి 724 పడకలు వేశారు. 1914 డిసెంబరులో తొలి క్షతగాత్రులు వచ్చారు. చక్రవర్తి తన సొంత మహలును సిపాయిల కోసం ఖాళీ చేశాడన్న మాట ప్రచారంలోకి వచ్చింది. నిజానికి ఆ భవనం 1850 నుండీ బ్రైటన్ పురపాలక సంఘపు ఆస్తి. ఆసుపత్రిని వర్ణిస్తూ ఆంగ్లం, ఉర్దూ, గురుముఖి లిపులలో ఒక సచిత్ర పుస్తకం అచ్చయింది. ఛాయాచిత్రాల కార్డులు కూడా ఊరూరా వ్యాపించాయి. సిపాయిల ఇళ్లకు చేరే ప్రతి బొమ్మా ఒక రాజకీయ సందేశమే.

ఇంత చెప్పినా, లోపలి ఏర్పాట్లను కేవలం ప్రచారమని కొట్టివేయడం న్యాయం కాదు. పెవిలియన్‌లో తొమ్మిది వంటశాలలు నడిచాయి. ముస్లిములకు, మాంసాహారులైన హిందువులకు, సిక్కులకు, శాకాహారులకు విడివిడిగా, వారి వారి వర్గానికి చెందిన వంటవారే వండారు. మాంసం కోసం జంతువులను కోసే చోట్లు కూడా వేరుగా ఉంచారు. ముస్లిములకు జబీహా, సిక్కులకు ఝట్కా. పంది మాంసం గాని, ఆవు మాంసం గాని ఆవరణలోకి రానివ్వలేదు. ప్రతి వార్డులోనూ హిందువులకొకటి, ముస్లిములకొకటి చొప్పున రెండు నీటి కుళాయిలు అమర్చారు. సూచనల పలకలు ఉర్దూ, హిందీ, గురుముఖి లిపులలో రాశారు. తోటలో తూర్పువైపు పచ్చికను ఖిబ్లా దిశగా నమాజు చేసుకునేందుకు ముస్లిములకు కేటాయించారు. సిక్కులకు ఒక గుడారంలో గురుద్వారా ఏర్పరచారు.

ఇక్కడ రెండు కుళాయిల విషయం కొంచెం ఆగి ఆలోచించదగినది. ముస్లిముకు మరొకరు తాకిన నీరు అపవిత్రం కాదు. ఆ విభజన ఇస్లాం కోరినది కాదు. భారతీయ సమాజపు అంటు నియమాలను అధికారులు తమ అనుభవం మేరకు యథాతథంగా దిగుమతి చేసుకున్నారు. పాకీపనికి నిమ్న కులాలవారినే నియమించడం కూడా అందులో భాగమే. ఒక మనిషి ఆచారాన్ని గౌరవించడం వేరు. అతనిని ఒక వర్గపు నమూనాగా చూసి, ఆ వర్గానికి రాసిన నిబంధనల పట్టికను అతనిపై అమలు చేయడం వేరు. బ్రైటన్‌లో ఈ రెండూ కలగలిసిపోయాయి.

మృతుల విషయంలో చూపిన శ్రద్ధ మాత్రం నిస్సందేహంగా మెచ్చదగినది. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులలో 53 మందిని పట్టణం వెలుపల పాచమ్ కొండలమీద వారి మతవిధుల ప్రకారం దహనం చేశారు. ఆ చోట ఈ.సి. హెన్రిక్స్ అనే భారతీయ శిల్పి రూపొందించిన పాలరాతి ఛత్రిని 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. బ్రైటన్‌లో మరణించిన ముస్లిములు 21 మంది. వారి దేహాలను వోకింగ్ పట్టణానికి తరలించారు. అక్కడ భోపాల్ బేగం షాజహాన్ విరాళంతో 1889లో లైట్నర్ అనే పండితుడు కట్టించిన మసీదు ఉంది. అయితే ఖననానికి మొదట చూపిన స్థలం తగినది కాదనీ, గౌరవప్రదంగా లేదనీ ఆ మసీదు ఇమాము మౌల్వీ సద్రుద్దీన్ యుద్ధ కార్యాలయానికి గట్టిగా ఫిర్యాదు చేశారు. ముస్లిం సైనికులను వారి ధర్మవిధి ప్రకారం ఖననం చేయడం లేదని జర్మనీ ప్రచారం చేస్తున్న రోజులవి. ఫిర్యాదుకు ఫలితం దక్కింది. హార్సెల్ మైదానంలో గుమ్మటపు ద్వారంతో, గోడలతో ముస్లిం శ్మశానవాటిక నిర్మించి 1917లో పూర్తిచేశారు. రోగి తరఫున మాట్లాడగల తన మతస్థుడొకడు దగ్గరలో ఉండడం ఎంత విలువైనదో ఈ ఒక్క ఉదంతం చాలు.

ఇక శుశ్రూష సంగతి. వంటశాలలు తొమ్మిది ఉన్నా, గాయం కడిగి కట్టుకట్టే చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న దగ్గర అధికారుల ఔదార్యం ఆగిపోయింది. ఆంగ్లేయ నర్సులను భారతీయ సైనికుల ఆసుపత్రులలో ఉంచడమే యుద్ధ కార్యాలయానికి ఇష్టం లేదు. మొదట కొన్ని చోట్ల వారిని కేవలం పర్యవేక్షణకు అనుమతించారు. రోగిని తాకి చేసే పని అంతా మగ పరిచారకులది. 1915 మే నెలలో ఒక లండన్ పత్రిక ఒక ఛాయాచిత్రం ప్రచురించింది. విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ సైనికుడు ఖుదాదాద్ ఖాన్ మంచం పక్కన ఒక ఆంగ్లేయ నర్సు నిలబడి ఉండడమే ఆ చిత్రంలో ఉన్నది. దానిపై పెద్ద దుమారం లేచింది. ఆ వేసవిలోనే నర్సులను ఉపసంహరించారు. పరాయి స్త్రీ సేవ సిపాయిల మతభావానికి నొప్పి కలిగిస్తుందన్న భయం కాదది. తెల్లజాతి స్త్రీ నల్లజాతి పురుషుడికి సేవ చేస్తే పాలకుల ప్రతిష్ఠ ఏమవుతుందన్న భయం.

ఈ విషయంలో ఇస్లామీయ చరిత్ర ఏమి చెబుతున్నదో గుర్తుచేసుకోవడం సందర్భోచితం. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో ముస్లిం మహిళలు రణరంగానికి వెళ్లి, దప్పికగొన్నవారికి నీరిచ్చి, గాయపడ్డవారికి చికిత్స చేసేవారని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (ర) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఖందక్ యుద్ధంలో బాణం తగిలిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (ర)కు హజ్రత్ రుఫైదా (ర) గుడారంలో సేవలందిన సంగతి సీరత్ పాఠకులకు తెలిసినదే. అవసర సమయంలో స్త్రీ పురుషుడికి సేవ చేయడం షరీఅత్ నిషేధించినది కాదు. ముస్లిం సిపాయి పేరు మీద జరిగిన ఆ నిషేధానికి ముస్లిం సిపాయి ధర్మంతో సంబంధమే లేదు.

భిన్న మతస్థులైన రోగుల ప్రశ్న ముస్లిం పాలకులకూ ఎదురైనదే. క్రీ.శ. పదవ శతాబ్ది తొలి సంవత్సరాలలో అబ్బాసీ మంత్రి అలీ బిన్ ఈసా గ్రామాలకు వైద్యులను పంపమని సినాన్ బిన్ సాబిత్‌ను ఆదేశించాడు. సినాన్ హర్రాన్‌కు చెందిన సాబియన్ కుటుంబంవాడు. వైద్యులు సూరా అనే చోటికి చేరేసరికి అక్కడివారిలో అధికులు యూదులని తెలిసి, ఏమి చేయాలని సినాన్ మంత్రిని అడిగాడు. ఆసుపత్రిలో ముస్లిములకూ జిమ్మీలకూ చికిత్స చేస్తూనే ఉన్నామని కూడా విన్నవించాడు. జిమ్మీలకూ, పశువులకూ కూడా వైద్యం చేయవలసినదే. కాని పశువులకంటే ముందు మనుషులకు, జిమ్మీలకంటే ముందు ముస్లిములకు అని జవాబు వచ్చింది. ఇబ్నె అబీ ఉసైబిఅ తన వైద్యుల చరిత్రలో దీనిని భద్రపరచాడు. ఈ వరుసక్రమం నేటి పాఠకుడికి రుచించకపోవచ్చు, రుచించనక్కరలేదు కూడా. కాని క్షేత్రంలో ఉన్న వైద్యుడు రోగుల పక్షాన నిలిచి పైవారిని అడగగలిగాడు. ఆ అడగడం బ్రైటన్‌లో తక్కువగా కనిపిస్తుంది.

పరిచారకుల కొరత తీర్చడానికి ఇంగ్లండులో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు ముందుకు వచ్చారు. దక్షిణాఫ్రికా నుండి 1914 ఆగస్టులో లండన్ చేరిన గాంధీజీ ఆ స్వచ్ఛంద సేవాదళాన్ని సమీకరించారు. హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు అప్పుడు లండన్‌లోనే ఉండి, లైసియమ్ మహిళా క్లబ్బు తరఫున సైనికులకు బట్టలు కుట్టించే పనిలో ఉన్నారు. తమ భాష తెలిసిన ఒక విద్యార్థి మంచం దగ్గరికి వచ్చి పలకరించడం పంజాబు పల్లెనుండి వచ్చిన సిపాయికి ఎంతటి ఊరటో ఊహించడం కష్టం కాదు.

కిచ్చెనర్ ఆసుపత్రి అధిపతి కర్నల్ బ్రూస్ సెటన్. అతని హయాంలో ఆవరణ చుట్టూ ముళ్లతీగ, కాపలా వెలిశాయి. కోలుకున్న రోగులు కూడా తమంత తాముగా ఊళ్లోకి వెళ్లడానికి వీలులేదు. కావలివాళ్ల వెంట గుంపుగా నడవవలసిందే. ఊరి స్త్రీలతో పరిచయాలు పెరుగుతాయన్నదే ఇక్కడా కారణం. సిపాయిల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి భద్రపరచిన నివేదికలు నేటికీ ఉన్నాయి. భోజనాన్నీ, పరుపులనూ, వైద్యులనూ పొగిడిన ఉత్తరాలు వాటిలో చాలా ఉన్నాయి. ఈ నిర్బంధాన్ని ఖైదుతో పోల్చి బాధపడినవీ ఉన్నాయి. కోలుకున్నవారిని మళ్లీ కందకాలకే పంపుతున్నారన్న ఆవేదన అన్నిటికంటే ఎక్కువ. 1915లో ఒక భారతీయ సబ్ అసిస్టెంట్ సర్జన్ సెటన్‌పై తుపాకీ పేల్చడానికి కూడా తెగించాడు. అయితే ఆ సెటన్ గురించి మరొకటి కూడా చెప్పాలి. యుద్ధం తప్పించుకోవడానికి సిపాయిలు తమను తాము గాయపరచుకుంటున్నారన్న అపవాదు రాగా, అతడు 1000 గాయాలను పరీక్షించి, ఆ అనుమానానికి ఆధారం లేదని రహస్య నివేదిక ఇచ్చాడు. మనిషిని నమ్మనివాడు గాయాన్ని మాత్రం నిజాయితీగా చదివాడు.

ముస్లిం సైనికుడి విశ్వాసానికి విలువ కట్టినది ఆంగ్లేయులే కాదు. జర్మనీవారు బెర్లిన్ సమీపంలోని వున్స్‌డోర్ఫ్‌లో ముస్లిం ఖైదీల కోసం ఒక శిబిరం పెట్టి, హలాల్ ఆహారం ఏర్పాటుచేసి, 1915లో చెక్కతో ఒక మసీదు కట్టించారు. జర్మన్ గడ్డపై నమాజు కోసం కట్టిన తొలి మసీదు అదే. ఖైదీలను ఉస్మానియా పక్షానికి తిప్పడమే దాని లక్ష్యం. యుద్ధం ముగిసి అవసరం తీరాక, 1920లలో దానిని కూల్చివేశారు.

ఆఫ్రీదీ తెగకు చెందిన ఇద్దరు అన్నదమ్ముల కథలో ఈ రెండు పక్షాలూ ఎదురుపడతాయి. మీర్ మస్త్ 1915 మార్చిలో కందకం దాటి జర్మనులలో కలిసిపోయాడు. అతని అన్న జమాదారు మీర్ దస్త్ ఏప్రిల్ 26న ఈప్ర్ దగ్గర విషవాయువు మధ్య తన మనుషులను నిలబెట్టి, గాయపడ్డవారిని మోసుకువచ్చాడు. ఆగస్టు 25న పెవిలియన్ పచ్చికమీద ఐదవ జార్జి చేతుల మీదుగా విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఆ పతకం దక్కినా విషవాయువు బాధ అతనిని వదలలేదు. 1945లో మరణించాడు.

1915 చివర భారత పదాతి దళాలను మెసపొటేమియాకు తరలించారు. 1916 ఆరంభంలో పెవిలియన్ భారతీయ ఆసుపత్రిగా మూతపడింది. మొత్తంమీద బ్రైటన్‌లో సుమారు 12,000 మంది భారతీయులు చికిత్స పొందారు. పట్టణానికి కృతజ్ఞతగా భారతదేశం బహూకరించిన దక్షిణ ద్వారాన్ని 1921 అక్టోబరు 26న పటియాలా మహారాజు ప్రారంభించాడు. వోకింగ్ శ్మశానవాటిక మాత్రం అల్లరిమూకల చేతుల్లో పాడుపడగా, 1960ల చివర అక్కడి దేహాలను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి మార్చవలసి వచ్చింది. గోడలు, గుమ్మటం మిగిలిన ఆ ఖాళీ స్థలాన్ని 2015లో శాంతివనంగా తీర్చిదిద్ది, అక్కడ పూర్వం ఖననమైన ఒక్కొక్కరి పేర ఒకటి చొప్పున 27 హిమాలయ బర్చి చెట్లు నాటారు.