కరగనన్న మందు కథ

ఔషధ చరిత్రలో నన్ను అమితంగా ఆకట్టుకున్న ఘట్టం రిటోనవిర్‌ది. హెచ్‌ఐవీ చికిత్సకై 1996లో అమెరికాలో అబట్ సంస్థ తెచ్చిన ఈ మందు నీటిలో కరగదు. అందుచేత దానిని ద్రావకంలో కరిగించి క్యాప్సూళ్ళలో నింపేవారు. 1998లో ఆ క్యాప్సూళ్ళలోనే మునుపెన్నడూ చూడని స్ఫటికాలు పేరుకొన్నాయి. అణువు అదే, అమరిక వేరు. కరగడం మరింత కష్టం. క్యాప్సూళ్ళ సరఫరా ఆగింది. రోగులకు నోటికి సహించని ద్రవరూపమే గతి అయింది. 2000లో లోపినవిర్ జోడించి తెచ్చిన కలెట్రా క్యాప్సూళ్ళనూ ఫ్రిజ్‌లోనే నిలవ ఉంచవలసి వచ్చేది.

పరిష్కారం ప్లాస్టిక్ పరిశ్రమ యంత్రంలో దొరికింది. మందును కోపోవిడోన్ అనే పాలిమర్‌తో కలిపి, వేడి గొట్టంలో తిరిగే మరల నడుమ కరిగించి, జంతికల పిండిలా బయటకు నెట్టారు. చల్లారేసరికి మందు అణువులు బారులు తీరే వీలులేక పాలిమర్‌లో చిక్కుకుపోతాయి. కడుపులో పాలిమర్‌తోపాటు విడివడతాయి. 2005లో ఈ పద్ధతిన కలెట్రా మాత్రలు వచ్చాయి. రోజుకు 6 క్యాప్సూళ్ళు వేసుకునేవారికి 4 మాత్రలు సరిపోయాయి; ఫ్రిజ్‌తో పని తీరింది.

మందు మారలేదు, అణువుల పొందిక మారింది. ఫ్రిజ్ లేని ఇంట, గోడగూటిలోనూ ఆ మందు చెడక నిలవగలగడమే, నా లెక్కలో, ఈ కథకు ఫలశ్రుతి.