కొల్లేటి అంచులలో కొఱ్ఱమీను

మా కొల్లేటికోట చరిత్రను వ్రాయబూనినవారందఱును లాంగూల గజపతి కట్టించిన కోటతో నారంభించి, శత్రుసైన్యము సరస్సును దింపుటకై ఉప్పుటేఱు త్రవ్వించెనను ఐతిహ్యమును చెప్పి, ఫాల్గుణమాసమున పెద్దింట్లమ్మ తల్లికి జరుగు జాతరతో ముగింతురు. ఆ కథలయందు నాకును గౌరవము కలదు. కాని యీ లంకలో పుట్టి పెరిగినవారికి వానికన్న దగ్గఱిదైన చరిత్ర మఱియొకటి యున్నది. అది నీటి అంచుల చరిత్ర. ఆ అంచులు పూర్వ మెందాక నుండెనో, ఎప్పుడు, ఏల తొలగిపోయెనో తెలియగోరువాడు, మా పెద్దలు కొఱ్ఱమీనును ఎక్కడెక్కడ వెదకెడివారో యడిగి తెలిసికొనిన చాలును.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదయంతయు కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న యీ పల్లమున నిలిచి, ఉప్పుటేటి మీదుగా బంగాళాఖాతమును చేరును. ఇంత నీరున్నను, నట్టనడుమ తేటనీటిలో కొఱ్ఱమీనుకై వెదకువాడు రిక్తహస్తములతోనే తిరిగివచ్చును. దాని నివాసము మోకాలిలోతు బురదనీరు. జమ్ము, తుంగ, కిక్కిస దట్టముగా పెరిగి, ఎండకు నీరు కాగి, ఇతర మత్స్యములకు ఊపిరాడని చోటు. మొప్పలకు పైన గాలిని నిలుపుకొను గదులవంటి అవయవ ముండుటచేత అది నీటిపైకి వచ్చి గాలి పీల్చి బ్రతుకగలదు. వేసవిలో మడుగు లెండినప్పుడు తేమ యున్నంతకాలము బురదలో దాగి యుండగలదు. తొలకరి జల్లు పడిన రాత్రి తడిసిన గట్టు దాటి ఒక చేనినుండి వేఱొక చేనికి ప్రాకిపోగలదు. నేలయు నీరును ఒకదానిలో నొకటి కలిసిపోవు చోటులే దానికి స్వస్థానములు.

ఇట్టి మీనమును వెదకుట మా వడ్డి కులమువారికి వల చేతబట్టుటకు ముందే యారంభమగు విద్య. తెల్లవాఱుజామున, గాలి లేవకమునుపే, దోనెను గెడతో మెల్లగా నెట్టుకొనిపోయి, గడ్డి యంచున నిలిపి, చెవి యొగ్గి యుందురు. కొఱ్ఱమీను గాలి మ్రింగినప్పటి చిన్న చప్పుడును కప్ప దుమికిన చప్పుడునుండి వేఱుచేసి యెఱుగుటకు చిరకాలాభ్యాసము వలయును. వానలు పట్టిన పిదప మఱియొక గుర్తు దొరకును. ఆలుమగలైన రెండు మీనములును గడ్డిని తొలగించి గుండ్రముగా కొంత చోటు బాగుచేసికొనగా, అందు తేనెరంగు గ్రుడ్లు నీటిపై తేలుచుండి, రెండు మూడు దినములలో పొదుగును. కొన్నాళ్లకు ఎఱ్ఱని పిల్లల గుంపు చేటంత వెడల్పున, కుంకుమ చల్లినట్లు నీటిపై మెఱసి, నీడ పడినంతనే అడుగునకు దిగి, మఱల బారెడు దూరమున తేలును. ఆ గుంపు క్రిందనే పెద్దమీను కాపుండును. మనిషి చేయి చాచినను అది పాఱిపోదు, ఎదిరించి వచ్చును. చిన్నకప్పను గాలమునకు గ్రుచ్చి ఆ గుంపు దగ్గఱ నాడించినవానికి అది సులభముగా చిక్కుటకు కారణ మీ సంతానరక్షణమే. వేటలో నింతకన్న సులువైన పట్టు లేదు. నా యభిప్రాయమున నింతకన్న తగనిదియు లేదు.

పూర్వము వేసవిలో సరస్సు వెనుకకు తగ్గినకొలది బయటపడిన నేలను దున్ని వరి వేయుచుండిరి. వర్షర్తువున ఆ చేలే మునిగి మీనములకు ప్రసవస్థానము లగుచుండెను. ఇరువదవ శతాబ్ది యెనిమిదవ దశకమునుండి ఆ నేలపై చేపల చెఱువుగట్లు లేవసాగినవి. గట్టు లేచినచోట అంచు పోయినది: ఒకవైపు ఆఱినేల, వేఱొకవైపు లోతునీరు, నడుమ ఏమియు లేదు. బొచ్చెను శీలావతిని పెంచు చెఱువులో కొఱ్ఱమీను పిల్లలను తినివేయు శత్రువు గనుక, పిల్లలను వదలుటకు ముందు ఇప్పపిండి చల్లి దానిని నిర్మూలించుట ఆచారమైనది. 1988లో భారతదేశమున ప్రవేశించిన పుండ్లరోగము మిగిలినవానిని పీడించినది. 1999లో అయిదవ కాంటూరు (సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తును సూచించు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనవి. 2002లో సరస్సునకు చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు లభించినది. 2006లో ప్రభుత్వమే యనేకములైన చెఱువుగట్లను తెగగొట్టించినది. అప్పుడు నీరు విస్తరించినను, అంతకుముందున్న గడ్డి దిబ్బలు, పల్లములు తిరిగి రాలేదు. గుఱ్ఱపుడెక్క మాత్రము వచ్చి వ్యాపించినది.

అయినను అడవి కొఱ్ఱమీను మా సీమలో అంతరింపలేదు. బాటప్రక్క గట్టుకై మన్ను తీసిన గుంటలలోను, ఎవరును పట్టించుకొనని మురుగుకాలువల మలుపులలోను, దాని చిన్న బంధువైన మట్టగిడసతో కూడ నేటికిని దొరకుచున్నది. మృగశిర కార్తెనాడు చేప తినవలెనను ఆచారము మనలో బలమైనది. ఆ నాటికే తొలకరి మీనములు జతగూడు కాలమును సమీపించును. పెంపకపు కొఱ్ఱమీను అంగడిలో కావలసినంత యున్నది. కావున మా ఊరివారికిని, మా ఊరికి వచ్చు వేటరులకును నా విన్నపము: ఆషాఢ శ్రావణములలో ఎఱ్ఱపిల్లల గుంపు కనబడినచోట గాలము వేయకుడు, ఆ గుంటలను పూడ్చకుడు, వాని గడ్డిని కాల్చకుడు.