విద్యుద్వలయపు లెక్క: జవాబును సరిచూచు విధము

ధవళేశ్వరముకడ ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తియైనది. గోదావరి డెల్టా కాలువలు ఎరిగినవారికి ఒక సంగతి తెలియును: కాలువ రెండుగా చీలినచోట, వచ్చిన నీరెంతో శాఖలలో పోవు నీరును అంతే.

అంతకు ఏడేండ్ల ముందే, 1845లో, క్యోనిగ్స్‌బెర్గు విద్యార్థి గుస్టావ్ కిర్కాఫ్ విద్యుత్ప్రవాహమునకు ఇట్టి నియమమునే ప్రకటించెను. దానికి రెండవదానిని జతచేసెను: వలయమును చుట్టివచ్చినచో, బాటరీ యిచ్చు వోల్టులు నిరోధములలో తగ్గు వోల్టులకు సమానము. ఈ రెండవది ఏల?

12 వోల్టుల బాటరీకి 2 ఓముల నిరోధమును, దాని తరువాత సమాంతరముగా 3, 6 ఓముల నిరోధములను కలిపితిమనుకొందము. మొత్తము నిరోధము 4 ఓములు. ప్రవాహము 3 ఆంపియర్లు. విద్యార్థి పొరపాటున 3 ఓముల శాఖలో 1, 6 ఓముల శాఖలో 2 ఆంపియర్లని వ్రాసెననుకొందము. 1, 2 కలిసి 3. మొదటి నియమము తప్పు పట్టలేదు. కాని ఒక శాఖలో 3 వోల్టులు, రెండవదానిలో 12 వోల్టులు తగ్గవలసివచ్చును. రెంటి కొనలు ఒకటే గనుక ఇది అసంభవము. అంకెలను తారుమారు చేసినచో రెంటను 6 వోల్టులే. 2 ఓములలోని 6 చేరి 12.

1841లో జౌల్ ప్రకటించిన ఉష్ణనియమము మూడవ సాక్షి: నిరోధములలో వ్యయమగు 18, 12, 6 వాట్లు కలిసి 36, బాటరీ యిచ్చునదియు 36.

పుస్తకము చివరనున్న జవాబులో అచ్చుతప్పు ఉండవచ్చును. ఈ పరీక్షలకు నిలిచిన జవాబును విద్యార్థి ధైర్యముగా నమ్మవచ్చును.